జ్ఞాపిక వెల

విదేశానికి వెళ్ళి వచ్చిన బంధువు పెట్టె తెరచే గడియ మన ఇళ్ళలో ఒక చిన్న పండుగ వంటిది. హోసూరులోనైనా, కృష్ణగిరిలోనైనా, సూళగిరి, బేరికె పల్లెలలోనైనా ఆ దృశ్యం ఒకటే. చాప పరచి చుట్టూ కూర్చొంటారు. పిల్లలు పెట్టె అంచు పట్టుకొని వ్రేలాడుతారు. పెద్దలు తమకేమీ అక్కర లేనట్లు ముఖం ప్రక్కకు త్రిప్పుకొని, చెవులు మాత్రం ఇటే పెట్టి ఉంటారు. మొదట చాకొలెట్లు వస్తాయి. తరువాత సెంటు సీసాలు. ఆ తరువాత అడుగునుండి, కాగితాలలో చుట్టిన చిన్న చిన్న వస్తువులు బయటపడతాయి: గడియార గోపురం, ఎర్రని టెలిఫోను గూడు, రెండంతస్తుల బస్సు, కిరీటం గుర్తు గల తాళపుచెవుల గొలుసు. ఇంటికొకటి చొప్పున పంచుతారు. పుచ్చుకొన్నవారు అటూ ఇటూ త్రిప్పి చూస్తారు. అట్లా త్రిప్పేటప్పుడు ఎవడో ఒక పిల్లవాడు అడుగున ఉన్న అక్షరాలను పైకి చదువుతాడు: చైనాలో చేయబడినది.

అందరూ నవ్వుతారు. తెచ్చినవాడు కూడా నవ్వుతాడు గాని, ఆ నవ్వులో కొంత నొప్పి ఉంటుంది.

ఆ నొప్పి దేనికి? అతడు లండను వెళ్ళిన మాట నిజం. అక్కడి అంగడిలో అక్కడి డబ్బిచ్చి కొన్న మాట నిజం. మనలను తలచుకొని కొన్న మాట అంతకంటె నిజం. ఇన్ని నిజాలు కలిసిన వస్తువులో అబద్ధం ఎక్కడినుండి దూరినది? ఈ ప్రశ్నను నేను చాలా కాలం చిన్నదిగానే ఎంచినాను. మూడేండ్ల క్రిందట మా అబ్బాయి ఇంటికని లండను వెళ్ళి రెండు నెలలు ఉండవలసి వచ్చినది. అప్పుడు నా జేబులో పదునాలుగు పేర్ల పట్టీ ఉన్నది. అప్పుడే అది అంత చిన్న ప్రశ్న కాదని తెలిసినది.

పట్టీలో పదమూడుగురు కోరినది ఒకటే: ‘ఏదైనా ఒకటి తే.’ పదునాలుగవ పేరు మా చిన్నమ్మది. ఆమె మాత్రం, ‘సూదులు తే నాయనా, గట్టి సూదులు. ఈడ కొన్నవి పూలు కుట్టతా ఉంటేనే వంగిపోతాయి’ అన్నది.

లండనులో జ్ఞాపికలు కొనడానికి చోటు వెదకవలసిన పని లేదు. చోటే మనలను వెదకుకొంటూ వస్తుంది. పికడిల్లీ సర్కస్, లెస్టర్ స్క్వేర్, ఆక్స్‌ఫర్డ్ వీధి, ఎక్కడ చూచినా అవే అంగళ్ళు, అవే వస్తువులు. నాలుగు అంగళ్ళు చూచిన తరువాత ఐదవదానిలో ఏమి ఉంటుందో కళ్ళు మూసుకొని చెప్పవచ్చును. మన తిరుపతిలోనో రామేశ్వరంలోనో గుడి ముందరి దుకాణాల వరుసను తలచుకొంటే చాలును. ఒక భేదం ఉన్నది: గుడి ముందర కొన్న కుంకుమ భరిణె ఇంటికి వచ్చి వాడుకలో పడుతుంది. టెలిఫోను గూడు అద్దాల బీరువాలోకి పోతుంది.

ఆ టెలిఫోను గూడును గూర్చి కొంత చెప్పవలెను. 1924లో జైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనానుండి పుట్టినది అది. ఒకప్పుడు ఆ దేశమంతటా వీధి మొగల నిలిచి ఉండేది. ఈనాడు దానిలో నిలబడి మాట్లాడే మనిషి నాకు రెండు నెలలలో ఒక్కడూ కనపడలేదు. కొన్నింటిలో పుస్తకాలు పెట్టినారు. కొన్నింటిలో గుండె ఆగినవారికి ప్రథమ చికిత్స చేసే యంత్రం పెట్టినారు. మిగిలినవాటి ముందర యాత్రికులు ఫోటో తీయించుకొంటారు. తాళపుచెవుల గొలుసు మీద ఉండే బస్సు సంగతి కూడా అంతే. రూట్‌మాస్టర్ అనే ఆ పాత బస్సును 2005 డిసెంబరులో మామూలు రాకపోకలనుండి తొలగించినారు. ఊరి జనం దేనిని వాడడం మానుకొన్నారో, దాని బొమ్మే ఊరి గుర్తుగా అమ్ముడుపోతున్నది. గడియార గోపురం ఇంకా గంటలు కొడుతూనే ఉన్నది, కాదనను. కాని నాకు ఆ గూడు ముందర కలిగిన ఆలోచన ఇంటికి వచ్చేదాకా విడువలేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

పికడిల్లీ విడిచి కొంచెం నడిస్తే వేరు రకం అంగళ్ళు ఉన్నవి. రీజెంట్ వీధి ప్రక్కన లిబర్టీ అనే దుకాణం 1875లో ఆర్థర్ లేజన్‌బీ లిబర్టీ స్థాపించినది. తూర్పు దేశాల పట్టుబట్టలు అమ్మి పేరు తెచ్చుకొన్నది. 1924లో కట్టిన దాని భవనానికి రెండు పాత యుద్ధనౌకల కలపను వాడినారు. వాటిలో ఒక నౌక పేరు హిందుస్థాన్. ఆ మెట్లెక్కుతూ హిందుస్థాన్ మీద నడుస్తున్నానని మా మనుమడితో హాస్యమాడినాను. ధరలు చూచిన పిమ్మట హాస్యం తగ్గినది. ఇంకొక మాట: విదేశీయులు కొన్న సరుకు మీది పన్నును విమానాశ్రయంలో తిరిగి పుచ్చుకొనే సదుపాయం ఇంగ్లాండులో 2020తో ముగిసినది. ఇంకా ఉన్నదని నమ్మి రసీదులు దాచుకొనేవారు మన వారిలో ఉన్నారు కనుక వ్రాస్తున్నాను.

కావెంట్ గార్డెనులో పూల సంత 1974 వరకు ఉండేదట. ఆ యేడు దానిని నది దక్షిణపు ఒడ్డున నైన్ ఎల్మ్స్‌కు తరలించినారు. పాత సంత ఇప్పుడు చేతిపనుల దుకాణాలకు, యాత్రికులకు నెలవు. అక్కడికి దగ్గరనే ఒకామె గులాబీలు అమ్ముతున్నది. మన హోసూరు గులాబీలు ఫిబ్రవరి 14 వచ్చేసరికి విమానాలెక్కి పరదేశాలకు పోతాయని మనకు గర్వం గదా, ‘ఇవి ఎక్కడివి?’ అని అడిగినాను. ‘కెన్యావి, హాలండువి’ అన్నది. నాకు కొంచెం నిరాశ కలిగినది. తరువాత ఆలోచించినాను. ఒకవేళ అవి హోసూరువే అయినా ఆమెకు ఆ పేరు తెలిసి ఉండేదా? మంచులో తెల్లవారుజామున కోసిన చేయి తెలిసి ఉండేదా? పువ్వుకు అడుగున అచ్చువేయడానికి చోటు లేదు.

మా బంధువు ఒకరు దుబాయినుండి వస్తూ బావమరదికి మంచి గడియారం బహుమతిగా తెచ్చినారు. బావమరది హోసూరు టైటాన్ కర్మాగారంలో ఇరువది యేండ్లు పనిచేసినవాడు. డబ్బా విప్పి, గడియారం చూచి, ‘బావా, దీన్ని నేనే పంపించినట్లున్నాను’ అన్నాడు. ఇక్కడా అందరమూ నవ్వినాము. కాని ఈ నవ్వులో నొప్పి లేదు. చేసినవాడు ఎదురుగా ఉన్నాడు. వస్తువు తన కథను దాచలేదు. జ్ఞాపిక అంటే ఒక విధమైన సాక్షి. ‘ఎక్కడిదానవు? ఎవరు చేసినారు? ఎట్లా వచ్చినావు?’ అని అడిగితే తడబడకుండా చెప్పగలగాలి. చైనాలో చేయడం తప్పు కాదు. అక్కడ ఆ గోపురాన్ని పోతపోసిన ఆడమనిషి మన సిప్కాట్‌కు పొద్దున్నే బస్సెక్కే ఆడపిల్ల వంటిదే. ఆమెను అడుగున దాచి, పైన లండను అని వ్రాయడంలో ఉన్నది తడబాటు.

ఈ ఆలోచనతో మ్యూజియములకు వెళ్ళినాను. అక్కడ ప్రవేశానికి డబ్బు పుచ్చుకోరు. జ్ఞాపికల దుకాణం మాత్రం తప్పక ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియములో అమరావతి స్తూపపు ఫలకాలు నూరుకు పైగా ఉన్నవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మదరాసుకు చేర్చిన రాళ్ళవి. 1859లో ఓడలో లండను పోయినవి. 1880లో ఆ మ్యూజియం చేరినవి. కృష్ణా తీరపు సున్నపురాయి మీద ఏనుగులు, తామరలు, మ్రొక్కే స్త్రీలు. తెలుగువాడు ఆ గదిలో మాట్లాడడు. నేనూ మాట్లాడలేదు.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో టిప్పు సుల్తాను కొయ్యపులి ఉన్నది. దొర మీద పడి కరుస్తున్నట్లు చేసిన బొమ్మ అది. కడుపులో వాద్యం ఉన్నది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు తెచ్చినారు. 1808లో కుంపిణీవారి భవనంలో ప్రదర్శనకు పెట్టినారు. ఆ యుద్ధాలు మనకు పరాయివి కావు. హోసూరు, రాయకోట 1791లో ఇంగ్లీషువారికి చిక్కినవి. మరుసటి సంవత్సరపు సంధితో బారామహలు వారి పాలయినది. కృష్ణగిరి కోట మాత్రం 1791 నవంబరునాటి దాడికి లొంగలేదు, ఆ మాట కృష్ణగిరివారి ముందర మరచిపోరాదు.

పులిని తీసికొనిపోయినవాడు కూడా గుర్తుగానే తీసికొనిపోయినాడు. తాను గెలిచిన చోటును మరువకుండా ఉండాలన్న కోరిక అతనిదీ. అట్లాగని మా అబ్బాయి తెచ్చిన గోపురమూ ఆ పులీ ఒకటేనా? కాదు. వెల ఇవ్వడం ఒక్కటే భేదం కాదు. కొన్నవాడు వెల ఇచ్చి చేసినవానిని మరచినాడు. కొల్లగొట్టినవాడు వెల ఇవ్వలేదు, కాని వస్తువు ఎవరిదో ఎన్నడూ మరువలేదు. ఎవరిదో మరువకుండా ఉండడమే అతనికి సంతోషం. మరపు దోషమా, అటువంటి జ్ఞాపకం దోషమా అంటే, రెండవదే పెద్దదని నా అభిప్రాయం. ఎదుటివానికి లోటు చేసి మిగుల్చుకొన్న గుర్తు ఎంత భద్రంగా ఉన్నా అది సాక్ష్యం చెబుతూనే ఉంటుంది, ఉంచుకొన్నవానికి వ్యతిరేకంగా.

ఇట్లా తిరుగుతూ చేరింగ్ క్రాస్ రోడ్డు ప్రక్కన సెసిల్ కోర్ట్ అనే సందుకు వచ్చినాము. వాహనాలు రాని చిన్న వీధి. రెండు ప్రక్కలా పాత పుస్తకాలు, పటాలు, చిత్రాలు అమ్మే అంగళ్ళు. యూరపు నగరంలో ఏదైనా కొనదలచిన మనవారికి నేను మొదట చూపించేది ఈ సందునే. ఇక్కడ వస్తువు వయస్సు, పుట్టుక అడిగితే అమ్మేవాడు సంతోషంతో చెబుతాడు. ఒక అంగడిలో పెద్దాయన ఒకరు ‘ఏ దేశం?’ అని అడిగి, ఇండియా అనగానే ఒక అర లాగి మా ముందర పెట్టినారు. అవి డేనియల్ వారి చిత్రాల అచ్చులు. థామస్ డేనియల్, అతని అన్నకుమారుడు విలియం యుద్ధం ముగిసిన 1792లో మన ప్రాంతాల మీదుగా తిరిగి గీసిన చిత్రాలు ‘ఓరియంటల్ సీనరీ’ అనే పేరుతో 1795 మొదలు 1808 వరకు లండనులో వెలువడినవి, మొత్తం 144. పన్నెండేండ్ల మా మనుమడు ఒక్కొక్కటి త్రిప్పుతూ, ఒకదాని దగ్గర ఆగి, క్రింది పేరును ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివినాడు. ‘ఔసూర్... ఇన్ ద మైసూర్. తాతా, ఇది ఏ ఊరు?’

మన ఊరు నాయనా, అన్నాను.

ఆ అచ్చు వెల మా అబ్బాయి నెల అద్దెలో మంచి భాగం. కొనగలిగి ఉంటే కొని ఉండేవాడినా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ చిత్రం మన ఊరిని చూడని లండను గృహస్థులు గోడకు తగిలించుకోవడానికి వేసినది. గెలిచిన నేల ఇట్లా ఉంటుందని చూచుకోవడానికి. మన ఊరిలో పుట్టిన ఎవరూ ఆనాడు దానిని కొని ఉండరు. అయినా రెండు వందల యేండ్ల తరువాత ఆ సందులో మా మనుమడు మొదటిసారి తన ఊరి పేరును అచ్చులో చదివినది దాని మీదనే. అంగడివాని అనుమతితో ఫోనులో ఒక ఫోటో తీసికొన్నాడు. తిరుగు ప్రయాణంలో భూగర్భపు రైలులో కూర్చొని, ‘మనవాళ్ళు ఎట్లా వ్రాస్తారు?’ అని అడిగినాడు. రసీదు వెనుక హోసూరు అని వ్రాసి చూపినాను. వాడు దాని క్రింద మూడుసార్లు వ్రాసినాడు. ‘హో’ మాత్రం వంకరగా వచ్చినది.

లండనులోని పిల్లవానికి తెలుగు రాకపోవడం వింత కాదని మీరంటారు. ఇక్కడికి తిరిగి వచ్చిన వారం దినాలకు అదే ఫోటోను మా అన్న మనుమరాలికి చూపించి, ప్రక్కన తెలుగులో ఊరి పేరు వ్రాసి ఇచ్చినాను. ఆ పిల్ల హోసూరులోనే పుట్టి, హోసూరులోనే చదువుతున్నది. ఇంటిలో మాట్లాడేది తెలుగే. కాగితం కొంతసేపు చూచి, ‘తాతా, నాకు తెలుగు చదవను రాదు గదా, చెప్పు’ అన్నది. సముద్రం దాటినవాడు, గడప దాటనిది, ఇద్దరూ ఒకే చోటికి చేరినారు.

2006లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం తమిళం మొదటి భాషగా బడి పిల్లలందరికీ తరగతి వెంట తరగతిగా తప్పనిసరి అయినది. అది మేలా కీడా అనే వాదం మన సంఘాలలో చాలా జరిగినది, ఇక్కడ తిరగదోడను. తమిళం మన ఇరుగుపొరుగుల భాష, మన అంగడి భాష. నేర్వడం మన ధర్మం. నేను అడిగేది బడిని కాదు, మన బీరువాలను. మా ఇంటి అద్దాల బీరువాలో పెద్ద బాలశిక్ష ఉన్నది, మా నాయన చదివినది. దాని ప్రక్కన టెలిఫోను గూడు ఉన్నది. ఆ రెండూ ఒకే అరలో ఉండడం లండనునుండి వచ్చిన తరువాతనే నా కంట పడినది. రెండింటిమీదా దుమ్ము సమంగానే ఉన్నది.

వాడుకనుండి జారిన దానినే జ్ఞాపిక చేస్తారని ముందు అన్నాను. అందుకు మరొక సాక్ష్యం మన ఊరిలోనే ఉండేది. సేలం కలెక్టరుగా ఉన్న బ్రెట్ దొర తన దేశంలోని కెనిల్‌వర్త్ కోటను తలపించే భవనాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో హోసూరులో కట్టించినాడని ప్రతీతి. పాపం, అతనికి తన దేశం జ్ఞాపకం ఉన్నది. దానిని రాతితో కట్టి ఎదుట పెట్టుకొన్నాడు. పాడుపడినది. ఇంటిబెంగతో కట్టినది నిలువలేదు.

దానికి ఎదురుగా మన పొలాలలోని వీరగల్లును తలచుకోండి. ఈ జిల్లా నిండా ఉన్నవి. పశువులను కాపాడుతూనో, ఊరికై పోరాడుతూనో పడిపోయినవాని గుర్తుగా నిలిపిన రాళ్ళు. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియములో కొన్నిటిని భద్రపరచినారు. భద్రపరచడం మంచిదే. కాని కొన్ని పల్లెలలో వాటికి ఈనాటికీ నూనె పూసి, పసుపు కుంకుమలు పెట్టి, కోరికలు చెప్పుకొంటారు. వీరుని పేరు ఎవరికీ తెలియదు. శాసనం ఉన్నా చదివేవారు లేరు. అయినా అది బీరువాలోని వస్తువు కాదు. ఎవరో ఒకరు దానితో మాట్లాడుతున్నారు. నూనె వల్ల అక్షరాలు మాసిపోతున్నవని పురాతత్వం తెలిసినవారు బాధపడతారు. వారి బాధ న్యాయమే. నాకు మాత్రం ఆ రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మంటే చేయి కొంత వణుకుతుంది.

ఇంతకూ పట్టీలోని పదమూడుగురికి ఏమి తెచ్చినావని మీరు అడుగుతారు. లేబిళ్ళు చదివి, కొందరికి తేయాకు డబ్బాలు, కొందరికి మ్యూజియం వారి చిత్రాల కార్డులు తెచ్చినాను. ప్రతి కార్డు వెనుకా అది ఏ ఊరి రాయో, ఎట్లా అక్కడికి పోయినదో తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి ఇచ్చినాను. ‘టెలిఫోను డబ్బా తేలేదా?’ అని ఇద్దరు అలిగినారు. ఒకరు వెనుక వ్రాసినది చదివించుకోవడానికి ఎదురింటి ముసలాయన దగ్గరకు పోయి, అక్కడ గంటసేపు కూర్చొని వచ్చినారట. మా అన్న మనుమరాలు ఆదివారాలు వస్తున్నది. గుణింతంలో ‘ఖ’ దాటినాము. ఈ సంచిక చేతికి వచ్చేసరికి ఈ వ్యాసపు పేరైనా తానే చదువుతానని పందెం కట్టినది. ‘జ్ఞ’ అనే అక్షరం చూపించి భయపెట్టినాను.

చిన్నమ్మకు సూదులు లిబర్టీలోనే దొరికినవి, కుట్టుపని సామాను అమ్మే అంతస్తులో. పొట్లంలో పది. ఆమె వాటిని వెలుతురుకు పట్టి చూచి, ఒకటి వ్రేలితో వంచి చూచి, రవికె అంచుకు గ్రుచ్చుకొన్నది. లండను ఎట్లా ఉన్నదని అడగలేదు. పదింటిలో ఇప్పటికి నాలుగు విరిగినవి, రెండు పోయినవి. మిగిలినవాటిలో ఒకదానితో పోయిన ఉగాదికి ఈ సంఘం వేదిక మీది పూలదండలన్నీ ఆమే కుట్టినది. దారం ఎక్కించడానికి మాత్రం ఆ ఆదివారపు పిల్లను పిలిచినది.